గోడలో సముద్రం

"ఇవాళ అలలు కాస్త పెద్దవిగా ఉన్నాయే," అంది అత్తగారు.

కిటికీ ముందు కుర్చీలో కూర్చుని ఉంది. కిటికీకి మూడడుగుల అవతల పక్క భవనం గోడ. పెచ్చులూడిన గోడ, దాని మీంచి దిగిన నీళ్ళ గొట్టం, గొట్టం పక్కన ఎవరో ఎందుకో కొట్టి వదిలేసిన మేకు. కాపురానికొచ్చిన పదకొండేళ్ళలో కోడలు ఆ కిటికీలోంచి అంతకు మించి ఏమీ చూసి ఎరగదు. అత్తగారు మాత్రం మూడు రోజులుగా అక్కడ సముద్రం చూస్తోంది.

"పాలు చల్లారిపోతున్నాయి అత్తయ్యా. రెండు గుక్కలు తాగండి."

"ఉండు తల్లీ. ఆ పడవ ఒడ్డుకి రానీ."

తల్లీ అట. పదకొండేళ్ళలో ఆ నోటి వెంట ఆ మాట రాలేదు. మూలన పెట్టాల్సిన చీపురు తలుపు వెనక పెట్టినందుకు వీధి చివరిదాకా వినబడేలా కేకలేసిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఇంత మెత్తగా మాట్లాడుతుంటే కోడలికి ఏడుపొచ్చింది. ఒక్క తిట్టు తిడితే బాగుండునని నిజంగానే కోరుకుంది.

నిన్న వీధి చివర డాక్టరు వచ్చి, నాడి చూసి, కళ్ళు చూసి, "వయసు మీద పడిందమ్మా" అని చెప్పి వెళ్ళాడు. వయసు మీద పడటానికి ఒక గురువారం మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకి ముహూర్తం పెట్టుకుంటుందా అని అడగాలనుకుంది కోడలు. అడగలేదు.

పడవ ఒడ్డుకి రావడానికి పావుగంట పట్టింది. అప్పుడు పాలు తాగింది అత్తగారు. మూతి తుడిపించుకుంటూ, కళ్ళు గోడ మీంచి తిప్పకుండా అంది.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, చప్పుడు లేదేమే? అంత అల విరిగినా చప్పుడు లేదు. పాలు పొంగినట్టు పొంగి, ఊరికే అణిగిపోతోంది."

కోడలి చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఈ మాటలు తను ఇంతకు ముందు విన్నవే. ఇదే గదిలో, పోయిన నెలలో, ఇంకో నోటి నుంచి.

మెల్లగా వెనక్కి తిరిగింది. గది అవతలి మూల నేల మీద కాళ్ళు చాపుకుని తన మొగుడు గొడుగు బాగుచేస్తున్నాడు. వీధిలో అందరూ అతన్ని గొడుగులాయన అంటారు. వంగిన ఊచని రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి, కొంచెం కొంచెంగా నొక్కుతూ సాపు చేస్తున్నాడు. ఆ పని మీద ఉన్నప్పుడు అతను తలెత్తడు. ఇవాళ మరీ వంచుకుని ఉన్నాడు.

"ఆవిడకి మీరేం ఇచ్చారు?" అంది.

"ఏం ఇస్తాను?"

"సముద్రం కనిపిస్తోంది, చప్పుడు మాత్రం లేదు అని మీరు నాతో చెప్పారు. ఆ క్లినిక్‌లో మందు పరీక్షకని వెళ్తున్న రోజుల్లో. పొద్దున్నే లేచి, నవ్వుతూ చెప్పారు. పాలు పొంగినట్టు అని కూడా మీరే అన్నారు."

"విని ఉంటుంది అమ్మ."

"అప్పుడు ఆవిడ పడుకుని ఉంది."

గొడుగులాయన ఊచని దీపం వెలుతురుకి పట్టి చూశాడు. ఇంకా వంకర ఉందో లేదో గానీ చాలాసేపు చూశాడు. కోడలు కదల్లేదు. ఈ ఇంట్లో మాటకి మాట అనడం అందరికీ వచ్చు. ఊరుకోవడం మాత్రం ఆమె ఒక్కదానికే వచ్చు, అది అన్నిటికన్నా భయంకరమని మొగుడికి తెలుసు.

"ఒకటి," అన్నాడు చివరికి.

"ఒకటేమిటి?"

"వాళ్ళు రోజుకి రెండు బిళ్ళలు వేసుకోమన్నారు కదా. నేనొకటి వేసుకున్నాను. అమ్మకొకటి ఇచ్చాను."

"ఎన్ని రోజులు?"

"ఇరవై ఎనిమిది."

ఊచ కింద పెట్టేశాడు. ఇక చేతులకి పని లేకపోయేసరికి వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు అతనికి.

"నొప్పి మందని నేనే చెప్పాను. మోకాళ్ళు పట్టుకుని మంచం దిగలేకపోతోంది. 'నీ నడుం నొప్పికి ఇచ్చినప్పుడు నా మోకాళ్ళకి పనిచెయ్యదా' అంది. నేను బిళ్ళలు చేతిలో పెట్టుకుని ఆవిడ ఎదురుగా ఎలా మింగను? నువ్వే చెప్పు. మూడో రోజుకల్లా మెట్లు దిగింది. నువ్వు కూడా చూశావు."

చూసింది. సంతోషించింది కూడా.

ఈ ఇంటి సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. మామగారు పిల్లల చిన్నతనంలోనే పోతే, అత్తగారు ఇద్దరు పిల్లల్నీ సగాల మీద పెంచింది. ఒక పండుంటే రెండు చెక్కలు, ఒక పెన్సిలుంటే రెండు ముక్కలు, ఒక దుప్పటి ఉంటే దానికీ నడిమధ్య ఒక కుట్టు. తనకంటూ ఏమీ ఉంచుకోని మనిషి. ఆ రుణం తీర్చుకోవడం కొడుక్కి చిన్నప్పుడే ఒంటబట్టింది. ముప్పై అయిదేళ్ళొచ్చినా, తల్లి ఎదుట ఏదీ పూర్తిగా నోట్లో వేసుకోలేడు. కోడలు మొదట్లో మురిసిపోయింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత పట్టించుకోవడం మానేసింది. అది ఇలా వచ్చి పడుతుందని ఎవరనుకుంటారు?

"మరి పుస్తకంలో?" అంది. క్లినిక్‌వాళ్ళు ఇచ్చిన పుస్తకంలో రోజూ రాయాలి. ఎన్ని వేసుకున్నాడో, ఎలా ఉందో రాసి కింద సంతకం పెట్టాలి.

"రెండూ వేసుకున్నానని రాశాను. ఒకటే అని రాస్తే తీసేస్తారుగా. తీసేస్తే అమ్మకి మందెక్కడిది?"

కోడలు గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. పెట్టాకగాని ఆ తర్వాతి సంగతి తట్టలేదు.

"పిచ్చుక," అంది.

పిచ్చుక అంటే ఆడపడుచు. అసలు పేరుతో ఆమెను పిలిచేది సినిమా హాలు మేనేజరు ఒక్కడే. టికెట్ల గదిలో కూర్చుని చిన్న కిటికీలోంచి టికెట్లు చింపి ఇస్తుంది. పదకొండో ఏట మొదలైన తలనొప్పి ఇరవై ఏడేళ్ళొచ్చినా వదల్లేదు. అన్నయ్యకి మందు పడింది, నడుం నొప్పి పోయింది, ఏ ఇబ్బందీ రాలేదు. పెద్ద డాక్టరు స్వయంగా గొడుగుల కొట్టుకొచ్చి అన్నయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీ రికార్డు చూసుకునే మేం ముందుకి వెళ్తున్నాం" అన్నాడు. అది చూసి పిచ్చుక తనూ వస్తానంది. ఇప్పుడు ఆ క్లినిక్‌లోనే ఉంది, ఆరు రోజులుగా. నిన్న ఫోన్లో ఎంత హుషారుగా చెప్పింది. రెండు బాగా పడ్డాయి వదినా, రేపు మూడింటికి నాలుగు ఇస్తారట.

"రెండు బిళ్ళలు వేసుకుని చెక్కుచెదరకుండా తిరిగిన మనిషి ఉన్నాడని నమ్మి వాళ్ళు నాలుగు ఇస్తున్నారు," అంది కోడలు. "అలాంటి మనిషి లేడు కదండీ."

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

"ఎంత తెల్లటి తెరచాపో," అంది అత్తగారు, ఎవరితోనూ కాదు.

*

పక్కింటి పిన్నిగారిని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి బస్సెక్కారు. దారంతా ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఒకసారి గొడుగులాయన, "డాక్టరుగారు మంచివాడు. చెప్తే అర్థం చేసుకుంటాడు" అన్నాడు. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎండ పలచగా ఉంది. వీధులన్నీ ఉతికి ఆరేసినట్టున్నాయి.

క్లినిక్ ముందు గదిలో ఏ వాసనా ఉండదు. మందుల వాసన కూడా రాని ఆసుపత్రి ఎలాంటిదో అని మొదటిసారే అనుకుంది ఆమె. నేల పాలరంగు, గోడలు పాలరంగు, మాటలు కూడా నెమ్మది. పెద్ద డాక్టరు ఒంటిగంటన్నరకి వస్తారని నర్సు చెప్పింది. అప్పటిదాకా పిచ్చుకని చూడటానికి వీల్లేదంది. కూర్చోమంది.

గొడుగులాయన కూర్చున్నాడు. కోడలికి కూర్చోబుద్ధి కాలేదు.

ఈ క్లినిక్ ఆమెకి కొత్తేం కాదు. ఆమె ఇస్త్రీ చేసే లాండ్రీకే ఇక్కడి దుప్పట్లు వస్తాయి, అప్పుడప్పుడు మూటలు తీసుకెళ్ళడానికి తనే వస్తుంది. ఏ అంతస్తుదో తెలియడానికి అంచున రంగుదారం కుట్టి ఉంటుంది. ఒకటో అంతస్తు ఎరుపు, రెండు పసుపు, మూడు ఆకుపచ్చ. మూడో అంతస్తు మరమ్మతుల కోసం మూసేశామని క్లినిక్‌వాళ్ళు ఎప్పుడో చెప్పారు. అయినా రోజూ ఎనిమిది ఆకుపచ్చ దారాలు వస్తూనే ఉన్నాయి. అంతకన్నా వింత, వాటి మీద ముడత ఉండదు. జబ్బు మనిషి దుప్పటి ఎలా ఉంటుందో పదేళ్ళుగా ఇస్త్రీ పెట్టె తిప్పే చేతికి తెలుసు. పొర్లి, గుప్పిళ్ళతో పట్టుకుని, కాళ్ళతో తన్ని, నలిగి ఉంటుంది. ఇవి మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగొస్తాయి. ఎవరూ పడుకోని దుప్పట్లు ఉతికించుకుంటున్నారు, డబ్బున్నవాళ్ళు, అని లాండ్రీలో తనే నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. పడుకున్న మనిషి కదలకపోతే కూడా ముడత పడదు.

మెట్ల దగ్గర కాపలావాడు ఆమెను చూసి, "ఆదివారం కూడానా అమ్మా?" అన్నాడు. "దుప్పట్లు తగ్గాయట, చూసుకోమన్నారు," అంది. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. కాపలావాడు పక్కకి తప్పుకున్నాడు.

మూడో అంతస్తులో మరమ్మతులేం లేవు. పొడుగాటి గది, పల్చటి తెల్ల తెరలు, వాటిలోంచి వడకట్టినట్టు దిగుతున్న వెలుగు. ఎనిమిది మంచాలు. ఎనిమిది మంది. కొందరు పడుకుని, కొందరు కూర్చుని, అందరూ ఎదుటి ఖాళీ గోడ వైపే చూస్తున్నారు. ఎవరి ముఖంలోనూ బాధ లేదు. బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లల్లా ఉన్నారు. ఆ గదిలో అడుగు పెట్టగానే ఆమెకు కూడా ఒక్క క్షణం ఎంతో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే భయం వేసింది.

కిటికీ పక్క మంచం మీద ఉన్నాయన్ని గుర్తుపట్టింది. బస్సు కండక్టరు. బస్సులో జనం మర్చిపోయిన గొడుగులన్నీ కట్టగట్టి కొట్టుకి తెచ్చేవాడు. ఆయనా గొడుగులాయనా ఒకే రోజు ఈ పరీక్షలో చేరారు. వేరే ఊరికి బదిలీ అయిందని ఇక్కడివాళ్ళు చెప్తే, చెప్పకుండా వెళ్ళిపోయాడని గొడుగులాయన నొచ్చుకున్నాడు కూడా.

"అన్నయ్యగారూ."

"రా చెల్లెమ్మా. కూర్చో. నీళ్ళు వెనక్కి వెళ్తున్నాయి, చూడు ఎంత ఇసక బయటపడిందో."

"మీరు రోజుకి ఎన్ని బిళ్ళలు వేసుకున్నారు?"

"రెండు," అన్నాడు కండక్టరు. "ఇంటికి పట్టుకెళ్ళి ఒక్క పూట కూడా తప్పకుండా రెండూ వేసుకున్నాను. మనకి మాటంటే మాట."

"ఇంట్లోవాళ్ళు వస్తున్నారా చూడటానికి?"

"వస్తున్నారుగా. అదిగో, పడవలో." గోడ వైపు చెయ్యెత్తి ఊపాడు. ఎంతో ప్రేమగా ఊపాడు.

ఆమె మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది.

*

పెద్ద డాక్టరు తన చేత్తోనే వాళ్ళకి కుర్చీలు జరిపాడు. మంచి గొంతు. ఆ గొంతుతో ఏం చెప్పినా నిద్రపుచ్చుతున్నట్టే ఉంటుంది.

గొడుగులాయన చెప్పాడు. తడబడుతూ, మధ్యలో రెండుసార్లు క్షమించమంటూ, అంతా చెప్పాడు. డాక్టరు మధ్యలో అడ్డురాలేదు. అంతా విని అన్నాడు.

"నేనీ మాట వినలేదు."

"అయ్యో, చెప్పాను కదండీ ఇప్పుడే."

"చెప్పారు. నేను వినలేదు అంటున్నాను. మీ పుస్తకం మూసేశాం, పైకి పంపేశాం. పన్నెండు మంది మొదలుపెట్టారు, ముగ్గురు మానేశారు. మిగిలినవాళ్ళలో చివరిదాకా ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది మీరొక్కరే."

"మిగిలిన ఎనిమిది మందీ మూడో అంతస్తులో ఉన్నారు," అంది కోడలు.

డాక్టరు ఆమె వైపు చూశాడు. కోపం రాలేదు అతనికి. వచ్చి ఉంటే ఆమెకు కొంచెం నయంగా ఉండేది.

"ఉన్నారు. పద్నాలుగేళ్ళుగా నొప్పితో అరిచినవాళ్ళున్నారు వాళ్ళలో. ఇప్పుడు నొప్పి లేదు. మీరు పైకెళ్ళారుగా, ఎవరైనా ఇంటికెళ్తానని అన్నారా?"

"వాళ్ళకి ఇల్లు గుర్తుంటేగా అనడానికి."

"నాలుగు బిళ్ళలకి మనిషి ఆ గట్టు దాటి, మళ్ళీ మామూలుగా వస్తాడని మా అంచనా. అందుకే పెంచుతున్నాం."

"అంచనా తప్పితే?"

డాక్టరు గొడుగులాయన వైపు తిరిగాడు.

"ఆ వయసుకి ఒక్కటి కూడా ఎక్కువే. అమ్మగారికి ఇలా మొదలై ఎన్ని రోజులైంది?"

"మూడు."

"వారంలోపు అయితే విరుగుడు మందు పనిచేస్తుంది. మొదటి వారం దాటాక చెయ్యదు, పై అంతస్తువాళ్ళకి అలాగే ఆలస్యమైంది. అది ఇంకెక్కడా దొరకదు, వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే ఏ మందు పడిందో కూడా వాళ్ళు కనుక్కోలేరు. సాయంత్రం ఇక్కడికి తీసుకురండి. కోలుకుంటారు. ఆవిడ నా మందు వేసుకుందని మాత్రం నేను రాయలేను. రాస్తే మీ ఇరవై ఎనిమిది సంతకాలూ అబద్ధమవుతాయి, ఈ పరీక్ష ఆగిపోతుంది, విరుగుడుతో సహా అన్నిటికీ సీలు పడుతుంది. అది తీసేవరకు ఎన్ని నెలలో. అందుకని వయసు మీద పడిందని రాస్తాను. మీరు నాతో ఏమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు."

"మరి మా పిచ్చుక?" అన్నాడు గొడుగులాయన.

"తన ఇష్టంతో వచ్చింది. వెళ్తానని సంతకం పెడితే ఈ క్షణం వెళ్ళచ్చు. ఆమె పెట్టాలి, మీరు కాదు."

వరండాలోకి వచ్చాక మొగుడూ పెళ్ళాలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. లోగొంతుకలతో దెబ్బలాడుకున్నారు.

"ముందు అమ్మని చేర్పిద్దాం. ఆ తర్వాత పిచ్చుకకి చెప్దాం."

"మూడింటికి నాలుగు బిళ్ళలు మింగాక ఏం చెప్తారు? అది మీ మాట వింటుందా, సముద్రం చూస్తుందా?"

"అమ్మ నీళ్ళు కూడా మనం పట్టిస్తేగాని తాగడం లేదు."

"నాకు తెలుసు. పట్టించేది నేనే."

"ఆవిడకి నేనే పోశాను ఆ విషం. నా చేత్తో." అతను ముఖం తిప్పుకున్నాడు. "అమ్మని అలా వదిలేసి నేను బతకలేను."

"చెల్లెల్ని వదిలేసి బతుకుతారా?"

ఆ మాట అన్నందుకు ఆమె మనసు చివుక్కుమంది. అయినా వెనక్కి తీసుకోలేదు.

*

పిచ్చుక గదిలో కిటికీ తెరలు రెండు వైపులకీ బార్లా తీసి ఉన్నాయి. మంచం నిండా ఎండ. ఆ ఎండలో కాళ్ళు ముడుచుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది.

కోడలికి గుమ్మంలోనే అడుగు ఆగిపోయింది. పదకొండేళ్ళుగా ఈ పిల్లని ఆమె చీకట్లోనే చూసింది. తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని గోడ వైపు తిరిగి పడుకునే పిల్ల. అగ్గిపుల్ల గీస్తే కేకపెట్టేది. టికెట్ల గది కూడా చీకటిగా ఉంటుందనే ఆ ఉద్యోగంలో చేరింది.

"వెలుతురు చూడు వదినా," అంది పిచ్చుక. "ఎంత బాగుందో. ఇదంతా రోజూ మీకుండేదా? నాకెవరూ చెప్పలేదేం?"

కోడలు వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి.

"అమ్మలూ, లే. ఇంటికి పోదాం."

"ఇంటికా? ఎందుకు?"

"సముద్రం కనిపిస్తోందా నీకు?"

"నిన్నటి నుంచి కొంచెం. పొద్దున్న కళ్ళు తెరవగానే, అంచులు." పిచ్చుక సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "నిండుగా రాలేదింకా. అన్నయ్యకి వచ్చిందిగా, వచ్చి పోయిందిగా. ఏం కాదులే."

కోడలు గబగబా చెప్పింది. బిళ్ళల సంగతి, అత్తగారి సంగతి, మూడో అంతస్తు సంగతి. చెప్తుంటే తనకే నమ్మశక్యంగా లేవు ఆ మాటలు. ఈ ఎండలో, ఈ శుభ్రమైన గదిలో, ఎవరో పీడకల చెప్తున్నట్టున్నాయి. పిచ్చుక ముఖంలో వెలుగు మెల్లగా తగ్గింది.

"నువ్వు మొదట్నుంచీ వద్దనే అన్నావు వదినా."

"అన్నాను. అయినా ఇది వేరు."

"పదహారేళ్ళు. నాకు తలనొప్పి లేని రోజు ఎలా ఉంటుందో తెలియదు. ఇప్పుడు ఆరు రోజులు తెలిసింది. నన్ను మళ్ళీ ఆ చీకటి గదిలోకి రమ్మంటున్నావు."

మూడు కావస్తుండగా డాక్టరు వచ్చాడు. వెనక నర్సు, ఆమె చేతి పళ్ళెంలో చిన్న కాగితం కప్పు. కప్పులో నాలుగు తెల్ల బిళ్ళలు. డాక్టరు చేతిలో ఒక కాగితం ఉంది. అత్తగారిని చేర్చుకునే కాగితం. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. డాక్టరు జేబులోంచి కలం తీశాడు గానీ మూత తియ్యలేదు.

గొడుగులాయన ఆ కలం వైపే చూస్తున్నాడు.

"అన్నయ్యా," అంది పిచ్చుక. "నువ్వు చెప్పు. నువ్వెప్పుడూ నాతో అబద్ధం చెప్పలేదు. రోజూ రెండూ నువ్వే వేసుకున్నావా?"

నర్సు చేతి గడియారం చూసుకుంది.

"వేసుకున్నానే," అన్నాడు గొడుగులాయన. "రెండూ నేనే వేసుకున్నాను."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఎనిమిది రోజులు రాసిన అబద్ధం చాలక ఇరవై తొమ్మిదోది నోటితో చెప్తున్నాడు, అదీ చెల్లెలి ముఖం మీద. ఏం చేస్తున్నదీ తెలియకుండానే పళ్ళెంలోంచి కప్పు తీసి మొగుడి ముందు పెట్టింది.

"రెండు వేసుకుని బండరాయిలా ఉన్నారుగా. అయితే ఈ నాలుగూ మీకేం చెయ్యవు. వేసుకోండి. దాని కళ్ళ ముందు వేసుకోండి, నేను కూడా నమ్ముతాను."

అతను ఒప్పుకుంటాడనుకుంది. తల వంచుకుని, "లేదే తల్లీ, ఒక్కటే" అంటాడనుకుంది. ఆ మాట ఒక్కటి బయటికొస్తే పిచ్చుక లేచి వచ్చేస్తుంది. అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

గొడుగులాయన కప్పు అందుకున్నాడు. డాక్టరు వైపు చూశాడు. డాక్టరు వద్దనలేదు. కలం మూత తీశాడు.

తర్వాత చెల్లెలి వైపు చూశాడు, ఎండలో కూర్చున్న ఆ పిల్లని. నిజం చెప్తే తల్లి దక్కదు. చెప్పకపోతే ఈ నాలుగూ ఆ పిల్ల కడుపులోకి వెళ్తాయి. పాపం, గొడుగులాయనకి తెలిసిన దారి ఒక్కటే. కీడైతే ఆ పిల్ల వాటా కూడా తనే తీసేసుకోవడం.

"వద్దండీ," అంది కోడలు. "నేను కోపంలో అన్నాను."

అప్పటికే కప్పు ఎత్తి నోట్లో పోసుకున్నాడు. నీళ్ళు కూడా అడగలేదు. గొంతు రెండుసార్లు కదిలింది. ఖాళీ కప్పు మడిచి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

"చూశావా వదినా," అంది పిచ్చుక. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆమెకి, ప్రాణం కుదుటపడి. "నువ్వనవసరంగా భయపెట్టావు నన్ను."

డాక్టరు గడియారం చూసుకుని తన జేబు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తర్వాత చేతిలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, సిరా ఆరేలా ఒకసారి ఊది, కోడలి చేతిలో పెట్టాడు. సాయంత్రం ఆరులోపు అత్తగారిని తీసుకురావచ్చు.

ఆమె ఆ కాగితం పట్టుకుని మొగుడి ముఖంలోకి చూసింది. అతను గోడకి ఆనుకుని నిలబడి, ఇంకా ఇక్కడే ఉన్నానన్నట్టు ఆమెకేసి తలూపాడు. ఎన్నాళ్ళు ఉంటాడో డాక్టరుకి కూడా తెలియదు.

"నర్సమ్మా," అన్నాడు డాక్టరు, ఆ నిద్రపుచ్చే గొంతుతోనే. "అమ్మాయిగారి మందు అలాగే ఉండిపోయింది. ఇంకో నాలుగు తీసుకురండి."

నర్సు పళ్ళెం తీసుకుని బయటికి వెళ్ళింది.